ఊదారంగు వచ్చిన రోజు

ప్రోటీన్ల నిర్మాణంలో ఎన్ని స్థాయిలున్నాయో రాయమని దాదాపు ప్రతి ఏడూ పరీక్షలో అడుగుతారు. నాలుగని పిల్లలు రాస్తారు, బొమ్మలు వేస్తారు, మార్కులు తెచ్చుకుంటారు, సెలవుల్లో మరిచిపోతారు. నరసరావుపేటలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో బయోకెమిస్ట్రీ లెక్చరర్‌గా చేరింది మొదలు రిటైరయ్యేదాకా నేను ఆ పాఠం చెబుతూనే ఉన్నాను. ఇప్పుడు కొత్తగా లెక్చరర్లుగా చేరిన నా పాత విద్యార్థులు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, "మీ అనుభవాలు చెప్పండి మేడం" అంటారు. వెనక బెంచీ వాళ్ళని ఎలా కూర్చోబెట్టాలి, ప్రాక్టికల్స్‌లో గాజు సామాను పగలకుండా ఎలా చూసుకోవాలి, ఇలాంటివి చెప్పి పంపిస్తాను. ఒక్క సంగతి మాత్రం చెప్పబోయి ఆగిపోతుంటాను. ఈసారి ఆగకుండా రాస్తున్నాను. చదివాక మీకు ఈ వృత్తి మీద ఉత్సాహం పెరుగుతుందని మాత్రం హామీ ఇవ్వలేను.

ముందు మా కెమిస్ట్రీ మాస్టారి గురించి చెప్పాలి. నేను చేరేనాటికి బయోకెమిస్ట్రీకి ల్యాబ్ లేదు. గ్రూపు పెట్టారు గానీ గది ఇవ్వలేదు. ఆయన తన ల్యాబ్‌లో కిటికీ పక్క బల్ల ఖాళీ చేయించి, ఒక బీరువాలో రెండు అరలు నాకు వదిలేసి, "ఇది నీదమ్మా చెల్లెమ్మా, ఎవరన్నా అడిగితే నా పేరు చెప్పు" అన్నాడు. మన ఎండలకు ఏ ద్రావణం ఎన్నాళ్ళు నిలుస్తుందో, ఏది ఎప్పటికప్పుడు కొత్తగా కలుపుకోవాలో పుస్తకాల్లో ఉండదు. అవన్నీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. మా వారికి ఆపరేషన్ అయినప్పుడు నా క్లాసులు ఆయనే చూసుకున్నాడు. ఆయన భార్య రోజూ ఆసుపత్రికి క్యారేజీ పంపేది. నేను ఆయన్ని అన్నయ్యా అనీ, ఆవిడని వదినా అనీ పిలిచేదాన్ని. మాట వరసకు పిలిచిన పిలుపులు కావవి.

వదిన మా కాలేజీ ఆడపిల్లల హాస్టల్‌కు వార్డెన్. హాస్టల్ ఆవరణలోనే రెండు గదుల ఇల్లు ఇచ్చారు వాళ్ళకి. వేరే ఇల్లు లేదు. ఆమె మనసు మెత్తన, గొంతు కటువు. ఏ పిల్లకు జ్వరమొచ్చినా గంజి కాచి తానే తాగించేది, తాగిస్తున్నంతసేపూ తిడుతూనే ఉండేది.

ఆ అమ్మాయి వెల్దుర్తి వైపు పల్లె నుంచి వచ్చింది. తండ్రి మిరప, పత్తి వేసే రైతు. మొదటి సంవత్సరమంతా ఆ పిల్ల క్లాసులో నోరు విప్పగా నేను చూడలేదు. రెండో సంవత్సరంలో ప్రోటీన్ల పాఠం దగ్గర మొదటిసారి చెయ్యి ఎత్తింది.

ఆ పాఠానికి నేను పూలదండ తీసుకెళ్ళేదాన్ని. పొద్దున బజారులో రెండు మూరలు కనకాంబరం, మరువం, మల్లె కలిపి కట్టినది కొనేదాన్ని. ఏ పువ్వు తరవాత ఏ పువ్వు కట్టారో ఆ వరస మొదటి స్థాయి. దండను మెలితిప్పితే స్ప్రింగులా చుట్టుకుంటుంది, అది రెండోది. అలా మెలితిరిగిన దండ తన మీద తనే మడతపడి ఒక ఆకారానికి వస్తే మూడోది. అలాంటి మడతలు కొన్ని ఒకచోట చేరి జట్టుగా పనిచేస్తే నాలుగోది. ప్రోటీన్ పని చేసేది ఆ ఆకారంతోనే. పూలు అవే ఉన్నా, వరస అదే ఉన్నా, మడత విడిపోతే పనికిరాదు. గుడ్డు ఉడికిస్తే తెల్లసొన గట్టిపడేది అందుకే అని చెప్పి ముగిస్తుండగా ఆ అమ్మాయి లేచింది.

"మేడం, నేను రోజూ పొడుచుకునేది ఏ మెట్టులో ఉంటది?"

క్లాసు నవ్వబోయి ఆగింది. ఆ పిల్లకు చిన్నప్పటి నుంచి షుగర్ ఉందనీ, పొద్దునా సాయంత్రం ఇన్సులిన్ వేసుకుంటుందనీ అప్పటిదాకా తన పక్క బెంచీ పిల్లకు కూడా తెలియదు. ఇన్సులిన్ కూడా ప్రోటీనే, రెండు గొలుసుల దండ అని బోర్డు మీద వేసి చూపించాను. సీసాలో ఆరేసి కలిసి జట్టుగా ఉంటాయనీ, ఒంట్లోకి వెళ్ళాక విడిపోయి ఒక్కొక్కటిగా పని చేస్తాయనీ చెప్పాను. ఆ పిల్ల ఆ బొమ్మ వంక చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. అన్నేళ్ళుగా ఒంట్లోకి ఎక్కించుకుంటున్నదాని ముఖం మొదటిసారి చూసినట్టు చూసింది. ఆ తరవాత క్లాసు అయ్యాక ఏదో ఒకటి అడగకుండా వెళ్ళేది కాదు. ఇంత తెలివైన పిల్ల ఏడాదిపాటు ఎలా దాక్కుందా అనుకునేదాన్ని.

హాస్టల్లో ఒక నియమం ఉండేది. ఎవరి మందులైనా వార్డెన్ దగ్గరే ఉంచాలి, వేళకు వచ్చి తీసుకోవాలి. పిల్లలు ఏం మింగుతున్నారో తెలియాలి కదా అని పెట్టిన నియమం, తప్పు పట్టలేం. ఆ అమ్మాయి ఇన్సులిన్ సీసా వదిన ఇంట్లో ఫ్రిజ్‌లో ఉండేది.

ఆ ఏడు ఎండలు తొందరగా ముదిరాయి. ప్రాక్టికల్ క్లాసు జరుగుతోంది. ఆ అమ్మాయి బల్ల మీద తల పెట్టుకుని కూర్చుంది. రెండు మూడు రోజులుగా నీరసంగా కనిపిస్తుంటే ఎండదెబ్బ అనుకున్నాం అందరం. దగ్గరికి వెళ్ళి వంగితే తియ్యటి ఘాటు వాసన వచ్చింది. అసిటోన్ సీసా మూత ఎవరు తీశారే అని అరిచాను. ఏ సీసా మూతా తీసి లేదు. ఆ వాసన ఆ పిల్ల ఊపిరిలోంచి వస్తోంది, షుగర్ మితిమీరినప్పుడు వచ్చే వాసన అది.

ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. దారిలో రెండుసార్లు కక్కుకుంది. అక్కడ వేలిమీద పొడిచి చూస్తే మీటరు అంకె చూపించలేదు, హై అని మాత్రం చూపించింది. డాక్టరు సెలైన్ పెట్టిస్తూ, "ఎన్నాళ్ళుగా ఇంజెక్షన్ మానేసింది?" అని నన్ను అడిగాడు.

మంచం మీద నుంచే ఆ పిల్ల అంది: "మానలా సార్. రెండు పూటలా ఏసుకుంటన్నా. డోసు కూడా పెంచుకున్నా."

డాక్టరు నా వంక చూసి కనుబొమలెగరేశాడు. ఈ వయసు పిల్లలు చెప్పే మాటే ఇది అన్నట్టు.

ఆసుపత్రి వాళ్ళ కొత్త ఇన్సులిన్ ఎక్కించారు. సాయంత్రానికి అంకె కనపడింది, మర్నాటికి దిగడం మొదలుపెట్టింది. అదే పిల్ల, అదే మందు పేరు. ఇక్కడ పని చేసి హాస్టల్లో ఎందుకు చెయ్యలేదు? నాకు ఆ అనుమానం పట్టుకుంది.

ఆ పిల్ల బట్టలు తెద్దామని హాస్టల్‌కు వెళ్ళాను. వదిన అప్పటికే సంచీ సర్ది పెట్టింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "మందు కూడా తీసకపోండి వదినా, మళ్ళీ అక్కడ కొనటం ఎందుకు" అంటూ ఫ్రిజ్ తెరిచింది. చెయ్యి కింది అరలోకి పోలేదు. పైన ఐసు పెట్టెలోకి పోయింది. ప్లాస్టిక్ కవరులో శుభ్రంగా చుట్టిన సీసా తీసి నా చేతిలో పెట్టింది. రాయిలా గడ్డకట్టి ఉంది.

"ఇదేంటి వదినా, ఇక్కడ పెట్టారు?"

"ఈ ఫ్రిజ్జు కిందంతా ఏడి వదినా, సరిగా చల్లబడటంలా. ఎండలకి మందు పాడయిపోయిద్దేమోనని పైన పెట్టినా. ఐసులో అయితే ఇంకా బాగుంటదిగా?"

ఎంత ప్రేమగా చెప్పిందో! ఇన్సులిన్‌కు వేడి ఎంత శత్రువో గడ్డకట్టడం అంతకంటే శత్రువు. ఒకసారి గడ్డకట్టిందంటే మడతలు చెదిరి, ఒకదానికొకటి అడ్డదిడ్డంగా అతుక్కుపోతాయి. మళ్ళీ కరిగినా పాత ఆకారం రాదు. ఈ రకం మందు మామూలుగానే పాలలా తెల్లగా ఉంటుంది, కాబట్టి చూడ్డానికి పెద్ద తేడా తెలియదు. కరిగాక వెలుతురుకు పెట్టి చూశాను. సన్నటి పలుకులు సీసా గోడకు అంటుకుని ఉన్నాయి, విరిగీ విరగని పాలలా.

ఆసుపత్రిలో ఆ అమ్మాయిని అడిగాను. "కొన్ని రోజులు గడ్డగట్టి ఉండేది మేడం. అరచేతుల్లో పెట్టుకుని కరిగిచ్చుకుని ఏసుకునేదాన్ని. ఇంటికాడ మాకు ఫ్రిజ్జు లేదు, మా అమ్మ తడి ఇసకలో కుండ పెట్టి దాంట్లో దాచిద్ది. ఏడి తగలకూడదని చెప్పారు గానీ సలి సంగతి ఎవురూ చెప్పలా." నేను జరిగింది వివరించాను. కాసేపు పైకప్పు వంక చూసి, "అంటే మొదటి మెట్టు ఉండి, మూడో మెట్టు పోయింది" అంది. పాఠం అంత బాగా అర్థమైనందుకు సంతోషించాల్సిన చోటు కాదది.

మాస్టారికి ఆ సాయంత్రమే చెప్పాను. ఆయన దగ్గర దాచేంత దూరం లేదు కదా మా మధ్య. "ఎవరితోనన్నా అన్నావా?" అని అడిగాడు. లేదన్నాను. "నాకొదిలెయ్ చెల్లెమ్మా, నేను చూసుకుంటా" అన్నాడు. వదినకు నచ్చజెప్పి, ఆ పిల్ల తండ్రికి జరిగింది చెప్పి, మన్నించమని అడుగుతాడనుకున్నాను. తెలియక చేసిన పని. ఆ తండ్రి రెండు మాటలు అని ఊరుకునేవాడు. నేను ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను.

మర్నాడు కరస్పాండెంటు పిలిపించాడు. కాలేజీ ఆయన సొంతం. బజారులో తండ్రి పెట్టిన కొట్టు నుంచి పైకొచ్చిన కుటుంబం, మనిషి మర్యాదస్తుడు, గొంతు పెంచి మాట్లాడడు. "మేడం, ఆ మందు సీసా ఆఫీసులో ఇచ్చెయ్యండి. పిల్ల తండ్రి రేపొస్తన్నాడు. కాలేజీ పేరు పేపర్లో పడిందంటే వచ్చే ఏడు ఒక్క ఆడపిల్లను కూడా మన హాస్టల్లో చేర్చరు. ఆ తర్వాత మీ గ్రూపూ ఉండదు, మీరూ ఉండరు, నేనూ ఉండను" అన్నాడు. బెదిరింపులా అనలేదు. లెక్క చెప్పినట్టు చెప్పాడు. సీసా ఆఫీసులో ఇచ్చేశాను.

డాక్టరు దగ్గరికి వెళ్ళి, గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదని రెండు ముక్కలు రాసివ్వమన్నాను. "పనికిరాదు మేడం, ఎవర్నడిగినా చెబుతారు. కానీ అది ఏ అరలో ఉందో నేను చూడలేదుగా, ఎట్టా రాస్తాను?" అన్నాడు. ఆయన మాటలోనూ తప్పు లేదు. ఈ కథలో ఎవరి మాటలోనూ తప్పు పట్టడానికి దొరకదు, అదే దీని దరిద్రం.

తండ్రి వచ్చిన రోజు కరస్పాండెంటు గదిలో కూర్చున్నాం. ఆసుపత్రి నుంచి నేరుగా కూతుర్ని తీసుకొచ్చాడు. పిల్ల కుర్చీ అంచున కూర్చుంది. వదిన తలుపు దగ్గర నిలబడింది. తండ్రి కోపంగా ఉన్నాడు. "ఆడపిల్లని మీ చేతుల్లో బెట్టి పొయినా. చచ్చి బతికింది. ఏంది సార్ ఇది?"

"మీ కోపం న్యాయమే" అన్నాడు కరస్పాండెంటు. "మందు చెడిపోయిందని మా మేడం అంటన్నారు. నాకు సైన్సు తెలీదు, మీకూ తెలీదు. మా సీనియర్ మాస్టారు అందరి ముందూ పరీక్ష చేసి చూపిస్తారు. ఏది నిజమైతే అది ఒప్పుకుందాం."

అప్పుడు మాస్టారు లోపలికొచ్చాడు. చేతిలో టెస్ట్‌ట్యూబుల స్టాండు, రెండు ద్రావణాల సీసాలు. వాటిని చూడగానే ఏం చేయబోతున్నాడో నాకు అర్థమైంది. బైయూరెట్ పరీక్ష. నా మొదటి సంవత్సరం పిల్లలు చేసే పరీక్ష. క్షారం కలిపి, నీలిరంగు రాగి ద్రావణం చుక్కలు వేస్తే, ప్రోటీన్ ఉంటే ఊదారంగు వస్తుంది, లేకపోతే నీలంగానే ఉంటుంది. ఆ రంగు దండలో పువ్వుకూ పువ్వుకూ మధ్య ఉండే ముడిని మాత్రమే గుర్తిస్తుంది. దండ మడతపడి ఉందో, చిక్కుపడి ఉందో దానికి అక్కర్లేదు. ఆ సంగతి ఆయనకు నాకంటే బాగా తెలుసు. నాకు ఆ పరీక్షకు ద్రావణం కలపడం నేర్పిందే ఆయన.

"మాస్టారూ, ఇందులో మందు ఉందా, నీళ్ళా? అంతే చెప్పండి" అన్నాడు కరస్పాండెంటు.

ఒక ట్యూబులో మంచినీళ్ళు పోశాడు, ఇంకొకదాంట్లో సీసాలోని మందు. ఎంతో శుభ్రంగా చేశాడు. నీళ్ళున్నది లేత నీలంగానే ఉండిపోయింది. మందున్నది మెల్లగా ఊదారంగుకు తిరిగింది. తండ్రి కుర్చీలోంచి ముందుకు వంగి చూస్తున్నాడు.

"ఉంది" అన్నాడు మాస్టారు. ఆ ఒక్క మాటే.

"అన్నయ్యా" అన్నాను, "ఇది గొలుసు ఉందని చెబుతుంది. మడత ఉందని చెబుతుందా?"

ఆయన తల ఎత్తలేదు. నేను తండ్రి వైపు తిరిగాను. "బాబూ, పచ్చి గుడ్డు సొనలో వేసినా ఇదే రంగొస్తుంది, ఉడికించిన గుడ్డులో వేసినా ఇదే రంగొస్తుంది. ఉడికించిన గుడ్డును కోడి కింద పెడితే పిల్లవుతుందా? హాస్టల్ వంటింట్లోంచి రెండు గుడ్లు తెప్పించండి, ఇక్కడే చూపిస్తాను."

"మేడం" అన్నాడు కరస్పాండెంటు మెత్తగా, "ఇది క్లాసు కాదు."

తరవాత వదినను అడిగాడు, మందు ఎక్కడ పెట్టావమ్మా అని. "కింద అరలోనేనండి, పాల గిన్నె పక్కన." నా వంక చూడకుండా చెప్పింది. "వదినా, మొన్న నాతో ఏమన్నారు?" అన్నాను. "నేనేమన్నా? పిల్లకి అట్టా అయిందని ఏడుస్తున్నానుగా ఆరోజు, నాకేం గుర్తుంటది?" అంది. తరవాత కొంగు చాటు నుంచి ఒక కవరు తీసి బల్ల మీద పెట్టింది. ఆ పిల్ల పెట్టెలో దొరికిందట. కవరు నిండా చాక్లెట్లు, గ్లూకోజు పొడి పొట్లం.

తండ్రి కూతురి వైపు తిరిగాడు.

"ఏందే ఇయ్యి?"

"సుగరు ఉన్నట్టుండి పడిపోతే తినటానికి నాన్నా. డాక్టరే దగ్గర పెట్టుకోమన్నాడు."

"మందేసేది సుగరు తగ్గటానికి. మళ్ళా చాక్లెట్లు తినమని ఏ డాక్టరు జెప్తాడే?"

డాక్టర్లు నిజంగానే చెబుతారు. నేను అదే అన్నాను. కానీ అప్పటికి నా మాట బరువు పోయింది. ఆ అమ్మాయి కుర్చీలోంచి లేచి, గోడ పట్టుకుని నిలబడి, తండ్రికి చెప్పడం మొదలుపెట్టింది. "గొలుసు తెగలా నాన్నా, అందుకే రంగొచ్చింది. మడత పోయింది. మడత పోతే ఒంట్లో పని చెయ్యదు. నేను రోజూ ఏసుకున్నా, నిజంగా ఏసుకున్నా." అంత నీరసంలోనూ ఒక్క ముక్క తప్పు చెప్పలేదు. పరీక్ష పేపరైతే పూర్తి మార్కులు వేసేదాన్ని.

తండ్రి బల్ల మీద ఊదారంగు ట్యూబు వంకా, చాక్లెట్ల వంకా చూశాడు. కోపమంతా ఎటు పోయిందో, ముఖం సిగ్గుతో చిన్నబోయింది. లేచి చేతులు జోడించాడు. "తప్పు మా పిల్లదేనండీ. చానా మాటలన్నా, ఏమనుకోబాకండి." కరస్పాండెంటుకు, మాస్టారికి, వదినకు, ముగ్గురికీ విడివిడిగా దణ్ణం పెట్టాడు. చచ్చి బతికిన పిల్ల తండ్రి వాళ్ళకు క్షమాపణ చెప్పి, కూతుర్ని రెక్క పట్టుకుని తీసుకెళ్ళిపోయాడు. ఆ అమ్మాయి మళ్ళీ కాలేజీకి రాలేదు.

మాస్టారు ల్యాబ్‌లో ట్యూబులు కడుగుతుంటే వెళ్ళి నిలబడ్డాను. కుళాయి కట్టెయ్యకుండానే మాట్లాడాడు. "నేనేం అబద్ధం చెప్పలా చెల్లెమ్మా. ఉందా అన్నాడు, ఉందన్నా. రంగు రాలేదా?"

"మీకు తెలుసు అన్నయ్యా."

"తెలుసు. ఈ వయసులో ఆమెను తీసుకుని ఎక్కడికి పోను? ఆమె కావాలని చేసిందా?"

"కావాలని చెయ్యలేదనే ఆ తండ్రికి చెబితే సరిపోయేది."

"నీకు చెప్పటం తేలిక" అన్నాడు. అంతే. ఆ బల్ల దగ్గర మేం కలిసి అన్నం తిన్నది అంతకు ముందు రోజే ఆఖరు.

జరిగింది ఇదీ అని ఆఫీసులో ఒక కాగితం రాసి సంతకాలు పెట్టమన్నారు. విద్యార్థిని నిర్లక్ష్యం వల్ల అని ఉంది. నేను పెట్టలేదు. నన్నెవరూ ఏమీ అనలేదు. వేసవిలో అడ్మిషన్ల ప్రచారానికి లెక్చరర్లను ఊళ్ళకు పంపుతారు కదా, ఆ ఏడు నుంచి ఎండ ఎక్కువగా ఉండే మండలాలన్నీ నా వంతుకు రావడం మొదలైంది. రంగు కరపత్రాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, మా కాలేజీలో చేర్పించండి, హాస్టల్ బాగుంటుంది అని చెప్పాలి. చెప్పాను. అందరిలాగే నాకూ ఆ ఉద్యోగమే ఆధారం.

అలా తిరుగుతూనే ఒకసారి వెల్దుర్తి వైపు పోయి, ఆ అమ్మాయి ఇల్లు కనుక్కున్నాను. వాకిట్లో ఆడవాళ్ళతో కూర్చుని మిరపకాయలకు తొడాలు తీస్తోంది. నన్ను చూసి లేచింది గానీ దగ్గరికి రాలేదు. తండ్రి నులకమంచం వాల్చి, మజ్జిగ ఇప్పించాడు. నేను మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. ఈసారి దండలు, గొలుసులు లేవు, మామూలు మాటల్లో చెప్పాను. వార్డెన్ నాతో అన్న మాట కూడా చెప్పాను. ఆయన చివరిదాకా విన్నాడు.

"మీరు మంచోళ్ళు మేడంగారూ" అన్నాడు. "ఇంత దూరం ఎండలో బడి వచ్చి పిల్లని ఎనకేసుకొస్తన్నారు. ఏ టీచరు చేస్తది ఈ రోజుల్లో? కానీ కళ్ళతో చూసినాగా."

ఆ పిల్ల తల వంచుకుని తొడాలు తీస్తూనే ఉంది. చేతులు ఎంత వేగంగా కదులుతున్నాయో.

తరవాతి సంవత్సరాల్లో మా గ్రూపులో చేరేవాళ్ళు తగ్గారు, గ్రూపు తీసేశారు. నాకు ఇంటర్ పిల్లల క్లాసులిచ్చారు, ప్రోటీన్ల పాఠం అక్కడా ఉంది. మాస్టారు నాకంటే ముందు రిటైరయ్యాడు. సన్మాన సభలో ఆయన నిజాయితీ గురించి ముగ్గురు మాట్లాడారు. నన్ను కూడా మాట్లాడమంటే గొంతు బాగాలేదన్నాను. వదిన వచ్చి నా చెయ్యి పట్టుకుంది. నేను వెనక్కి లాక్కోలేదు, పట్టుకోనూ లేదు. కొంచెంసేపు అలా నిలబడి వెళ్ళిపోయింది.

నేను రిటైరయ్యాక బంధువుల పెళ్ళికి మాచర్ల వెళ్ళి తిరుగు బస్సు కోసం నిలబడి ఉంటే, "మేడం" అని పిలుపు వినపడింది. ఆ అమ్మాయే. బాగా ఎదిగింది, ముఖంలో ఆరోగ్యం ఉంది. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేసిందట, అక్కడే ఒక డయాగ్నస్టిక్ సెంటరులో పని చేస్తోంది. సంతోషం పట్టలేకపోయాను. మీ నాన్న మళ్ళీ చదువుకు ఎలా ఒప్పుకున్నాడే అని అడిగాను.

"ఒప్పుకున్నా మేడం" అంది.

"మీ నాన్న ఒప్పుకున్నాడా?"

"కాదు మేడం. నేనే ఒప్పుకున్నా. మందు మానేసి చాక్లెట్లు తిన్నానని."

నేను చేతిలో సంచీ కింద పెట్టాను.

"రెండేళ్ళు కాదన్నా మేడం. కాదన్నన్నాళ్ళూ ఇంట్లో ఒక్కరోజు అన్నం సయించలా ఎవురికీ. మా నాన్న నాతో మాట్లాడటం మానేశాడు. అబద్ధాలాడే పిల్లని సదివిచ్చి ఏం జేస్తామనేవాడు. ఒకరోజు కూర్చోబెట్టి, 'అవును నాన్నా, తిన్నా, తప్పయింది' అన్నా. ఏడ్చాడు మేడం. దగ్గరికి తీసుకున్నాడు. నిజం జెప్పావు గదా, చాలమ్మా అన్నాడు. ఆ ఏడే కోర్సులో చేర్చాడు."

ఈసారి నేనే మీ ఊరొచ్చి, అందర్నీ కూర్చోబెట్టి, అసలు సంగతి తేల్చి చెబుతాను, ఇప్పుడు నాకు ఎవరి భయమూ లేదు అన్నాను.

ఆ అమ్మాయి కంగారుగా నా చెయ్యి పట్టుకుంది. "వద్దు మేడం. మీకు దణ్ణం పెడతా. మా నాన్న ఇప్పుడు నన్ను నమ్ముతన్నాడు."